ఫోను నంబరు ప్రక్కన వ్రాయు మాట

ఒక మనుష్యుని పేరునకు ఎదుట ఒక్క నంబరు మాత్రమే వ్రాసికొను దినములు గడచిపోయినవి. ఇప్పుడు మన విద్యార్థుల తలిదండ్రులలో ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి నంబరులున్నవి. ఆ నంబరులును ఒక్క చోట నుండవు. పాఠశాల కార్యాలయపు కంప్యూటరులో ఒక చిరునామా పుస్తకము, తరగతి ఉపాధ్యాయుని సెల్లులో ఒకటి, వసతిగృహపు వార్డెను సెల్లులో మఱియొకటి యుండును. ఈ పుస్తకములు తమలో తాము సరిచూచుకొని, ఒకదానిలో జరిగిన మార్పును తక్కినవానికి చేర్చుకొనుటను సింకు చేయుట యందురు. పని మంచిదే. కాని అంకెలు చక్కగా చేరుచుండగా, ఆ అంకెల ప్రక్కనున్న మాట, అనగా ఇల్లు, ఆఫీసు, మొబైలు అను మాట, త్రోవలో మారిపోవుట తఱచుగా జరుగుచున్నది. ఈ మాటకే నంబరు రకమని పేరు. దీనిని గూర్చి తలిదండ్రులును, పై తరగతుల విద్యార్థులును తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

నంబరు ప్రక్కన మాట వ్రాయుట యీనాటి యాచారము కాదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఇంటింట ఫోను లేని కాలమున పెండ్లి శుభలేఖల మీదను, అంగళ్ల బిల్లుల మీదను నంబరు తరువాత ‘పి.పి.’ అను రెండక్షరములు కనబడుచుండెను. ట్రంకు కాల్ దినములనాటి ‘పర్టిక్యులర్ పర్సన్’ అను మాటకు అది పొట్టి రూపము. ‘ఈ ఫోను మాది కాదు, పొరుగువారిది, మీరు పిలిచినయెడల వారు కేకవేసి మమ్ము పిలుతురు’ అని దాని భావము. ఆ రెండక్షరములు చూచిన మనుష్యుడు ఎంత తెలిసికొనెడివాడో యోచింపుడు. ప్రొద్దుపోయిన తరువాత పిలువకూడదు. ముందుగా తన పేరును, తనకు కావలసినవారి పేరును చెప్పవలెను. పది నిమిషములాగి మఱల పిలువవలెను. పొరుగింటివారి యెదుట చెప్పదగని మాట చెప్పకూడదు. ఇంత మర్యాదయు ఆ రెండక్షరములలో నిమిడియుండెను. అంకెలు మాత్రమే మిగిలి ఆ యక్షరములు చెరిగిపోయినచో, నంబరు తప్పు కాకపోయినను పిలిచిన పిలుపు తప్పయ్యెడిది.

ఇప్పటి సంగతి చూతము. సీతారామపురము మండలపు పల్లె నుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొను బాలుడొకడు కలడనుకొందము. వాని తండ్రి కువైత్‌లో పనిచేయుచున్నాడు. తల్లి ఊరనే యుండి పొలము పనికి పోవుచున్నది. మేనమామకు ఉదయగిరిలో అంగడి కలదు. బడిలో చేర్చునాడు మూడు నంబరులు వ్రాయించిరి: తల్లి సెల్లు, తండ్రి కువైత్ సెల్లు, మేనమామ అంగడిలోని ల్యాండ్ లైను. కార్యాలయమువారు వానికి తగిన రకములనే వ్రాసిరి. తరువాత ఆ పుస్తకము రెండు మూడు యంత్రములు దాటి వార్డెను చేతికి వచ్చెను. ఒక రాత్రి పదకొండు గంటలకు బాలునికి జ్వరము హెచ్చినది. వార్డెను సెల్లు తీసి చూడగా మొదట ‘ఇల్లు’ అని యొక నంబరున్నది. పిలిచిన, అది తాళము వేసిన అంగడిలో మ్రోగి మ్రోగి యూరకున్నది. రెండవది ‘మొబైలు’. అది కువైత్‌లో మ్రోగినది. అక్కడ మనకంటె రెండున్నర గంటలు వెనుక గనుక తండ్రి ఇంక మేలుకొనియే యుండి మాటాడెను; కాని అంత దూరము నుండి ఆయన చేయగలిగినది కలవరపడుట తప్ప మఱేమి? తల్లి నంబరు అన్నిటికంటె క్రింద ‘ఇతరము’ అను మాటతో నున్నది. ఇతరము అనగా ఎవరిదో యని తలచి దానిని చివరకు విడిచిపెట్టుట సహజము. మూడు నంబరులలో ఒక్క అంకెయైనను తప్పు కాదు. రాత్రివేళ అరగంట కాలము మాత్రము పోయినది.

ఇట్లెందుకు జరుగునో తెలియవలెనన్న, ఆ చిన్న మాట ఏ ప్రశ్నకు జవాబుగా నున్నదో ముందు చూడవలెను. ‘ఇల్లు’ అను మాట, ఫోను ఎక్కడ మ్రోగును అను ప్రశ్నకు జవాబు. ‘మొబైలు’ అను మాట, ఎట్టి యంత్రము మ్రోగును అను ప్రశ్నకు జవాబు. ఇవి రెండు వేఱువేఱు ప్రశ్నలు. తీగ ఫోనుల కాలమున ఈ భేదము బాధింపలేదు. ఇంటిలో నుండునది ఇంటి ఫోను, ఆఫీసులో నుండునది ఆఫీసు ఫోను. ఇప్పుడన్ననో పల్లెలో నుండు తల్లి చేతిలోని సెల్లు ఇంటి ఫోనును అదియే, మొబైలును అదియే. ఒక గుమాస్తా దానిని ఇల్లు అని వ్రాయును, మఱియొకరు మొబైలు అని వ్రాయుదురు. ఇద్దరి మాటయు నిజమే. కాని రెండు పుస్తకములు ఎదురుపడినప్పుడు యంత్రమునకు అవి రెండు వేఱు సంగతులుగా తోచును. అప్పుడది రెంటిలో ఒకదానిని తుడిచివేయవచ్చును, లేదా ఒకే నంబరును రెండు మారులు వ్రాసి పెట్టవచ్చును. మన సెల్లులలో ఒకే మనుష్యుని పేరు క్రింద ఒకే నంబరు రెండు మూడు వరుసలలో కనబడుటకు ఇది యొక ముఖ్య కారణము.

ఈ చిక్కును పెద్దలు గుర్తింపకపోలేదు. చిరునామాలను ఒక యంత్రము నుండి మఱియొక యంత్రమునకు పంపుటకు అందఱికి సామాన్యమైన వ్రాత పద్ధతి యొకటి కావలెనని 1995వ సంవత్సరమున ఆపిల్, ఎ.టి. అండ్ టి., ఐ.బి.ఎం., సీమెన్స్ అను కంపెనీలు కూడిన వెర్సిట్ అను సంఘము విజిటింగు కార్డును పోలిన యొక పద్ధతిని కల్పించెను. దానికి వికార్డ్ అని పేరు. 1996లో దాని 2.1 కూర్పు, 1998లో 3.0 కూర్పు, 2011 ఆగస్టులో 4.0 కూర్పు వెలువడినవి. ఈ కార్డులో నంబరునకు ఒక వరుస యుండును. వరుస మొదట ‘టెల్’ అనియు, పిమ్మట రకములును, తుదకు అంకెలును ఉండును. ఇందులో మెచ్చదగిన సంగతి యొకటి కలదు. ఒక్క నంబరునకు ఒకటికంటె ఎక్కువ రకములను వ్రాయవచ్చును. ‘హోమ్’ అనియు ‘సెల్’ అనియు రెండును ఒకే వరుసలో వ్రాసినయెడల, ఇది ఇంటిదియు సెల్లును అని స్పష్టమగును. పైన చెప్పిన రెండు ప్రశ్నలకును జవాబు దొరకినట్లే. కార్డును కల్పించినవారు ఈ భేదమును బాగుగనే యెఱిగియుండిరని మా యభిప్రాయము.

మఱి కీడెక్కడ వచ్చినది? కార్డులో రెండు మాటలకు చోటున్నను, దానిని చదివి తనలో దాచుకొను పుస్తకములో అంత చోటు లేదు. ప్రతి పుస్తకములోను గదులు ముందే కట్టియుంచబడినవి. అవుట్‌లుక్ అను పుస్తకమును తీసికొనుడు. దానిలో వ్యాపారపు నంబరునకు రెండు గదులు, ఇంటి నంబరునకు రెండు గదులు కలవు. మొబైలునకు మాత్రము ఒక్కటే గది. ఒక మనుష్యునికి రెండు సెల్లు నంబరులున్నచో రెండవది ఎక్కడికి పోవలెను? కొన్ని సింకు ప్రోగ్రాములు దానిని ‘ఇతరము’ అను గదిలోనికి త్రోయును. కొన్ని ఇంటి గదిలో పెట్టును. కొన్ని చెప్పక చేయక విడిచివేయును. ఆండ్రాయిడ్ సెల్లులో అట్టి నిర్బంధము లేదు. ఎన్ని మొబైలు నంబరులనైనను వ్రాసికొనవచ్చును. కాని అక్కడ ఒక్కొక్క నంబరునకు ఒక్క రకమే. ఆఫీసు మొబైలునకు వేఱుగా ఒక గదిని కట్టిరి గాని, ఇంటి మొబైలునకు అట్టి గది లేదు. టెలెక్సునకును, కారు ఫోనునకును, పేజరునకును గదులున్నవి. మేనమామ అంగడికి లేదు!

ఒకే మాట చోటు మారగా అర్థము మారుట మన ప్రాంతపు రైతులకు క్రొత్త కాదు. నెల్లూరు సీమలో వడ్లు పుట్టి యనగా 850 కిలోలు. వేఱు జిల్లాలకు పోయినచో పుట్టి యను మాట అదియే, తూకము వేఱు. ఏ సీమ పుట్టియో చెప్పక ‘పది పుట్లు’ అని మాత్రము ఉత్తరము వ్రాసిన వర్తకుడు చిక్కులో పడును. నంబరు రకములును ఇట్టివే. పంపిన పుస్తకములో ‘ఇతరము’ అనగా ఒక అర్థము. అందుకొన్న పుస్తకములో ‘ఇతరము’ అనగా తనకు అర్థము కానివాని నన్నిటిని పడవేయు గంప.

తెలుగులో సెల్లు వాడుకొనువారు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మన తెర మీద ‘ఇల్లు’ అని కనబడినను యంత్రము లోపల ఆ మాట వ్రాయబడి యుండదు. ఆండ్రాయిడ్‌లో ఇంటికి 1, మొబైలునకు 2, పని చోటునకు 3 అని అంకెలు మాత్రమే యుండును. చూచువారు తెలుగు వారైన ఆ అంకెను తెలుగు మాటగా, తమిళులైన తమిళ మాటగా తెర మీద చూపును. అయితే జాబితాలో నుండి ఎన్నుకొనక, మన స్వంత మాట వ్రాయు చోట ‘ఇల్లు’ అని మనమే అక్షరములు కూర్చి వ్రాసితిమనుకొనుడు. అప్పుడు యంత్రము దానికి సున్న అంకె వేసి, ప్రక్కన మనము వ్రాసిన యక్షరములను ఉన్నవున్నట్లు దాచును. సున్న యనగా ‘యజమాని స్వంతముగా కల్పించినది’ అని యర్థము. కంటికి రెండును ఒకటే ఇల్లు. యంత్రమునకు ఒకటి తెలిసిన ఇల్లు, మఱియొకటి ఎన్నడును వినని మాట. సింకు చేసినప్పుడు మొదటిది ఇల్లుగానే చేరును. రెండవది దారిలో ఎక్కడనో జారిపోవును. స్వంత మాటలు వ్రాసికొనవలెనని ముచ్చటపడు విద్యార్థులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆపిల్ వారి ఫోనులో స్వంత మాట వ్రాసినచో మఱియొక విధముగా దాచబడును. నంబరు ఒక వరుసలోను, మన మాట వేఱొక వరుసలోను ఉండును. ఆ రెంటికిని ఒకే గుర్తు కట్టి జతపఱతురు. ఆ జత సంగతి తెలిసిన పుస్తకము రెంటిని కలిపి చదువును. తెలియనిది నంబరు వరుసను మాత్రము తీసికొని మాట వరుసను విడిచిపెట్టును. అప్పుడు నంబరు మాట లేని నంబరై నిలుచును. 2011లోనే వెలువడిన కార్డ్‌డావ్ అను సింకు పద్ధతిలో, కార్డులను దాచు సర్వరు నియమములలో లేని వరుసలను గూడ స్వీకరింపవలెనని విధించిరి. దాచువాడు నమ్మకముగా దాచినను, తీసి చదివి మఱల వ్రాయు యంత్రము వానిని మఱచినచో ఏమి ప్రయోజనము?

ముఖ్యమైన నంబరును గుర్తించు పద్ధతియు మధ్యలో మారినది. 3.0 కూర్పు వఱకు ‘ఇది ముందు పిలువదగినది’ అని చెప్పు మాటయు రకములలో ఒకటిగానే వ్రాయబడుచుండెను. 4.0 కూర్పులో దానిని రకముల నుండి తీసివేసి, 1 మొదలు 100 వఱకు అంకె వేయు వేఱు పద్ధతిని పెట్టిరి. అందు 1 అన్నిటికంటె ముందుది. మార్పు సబబైనదే, కాని పాత కూర్పు చదువు యంత్రమునకు క్రొత్త అంకె తెలియదు. కావున నంబరులు ఏ వరుసలో పిలువవలెనో ఈ గుర్తు మీద ఆధారపడి యుండుట మంచిది కాదు.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. మొదటి పుస్తకము నుండి రెండవ దానికి కార్డు పోయినంత మాత్రమున మొదటి దానిలో ఏమియు చెడదు. రెండవ పుస్తకములో ఎవరైనను ఆ కార్డును ముట్టి, ఊరి పేరులో ఒక యక్షరము దిద్దినను చాలును. ఆ పుస్తకము కార్డు మొత్తమును తన గదుల ప్రకారము తిరిగి వ్రాసి వెనుకకు పంపును. ఇటీవల దిద్దినదే నిజమని మొదటి పుస్తకము నమ్మి, తన యందున్న మంచి మాటలను చెరిపి వీనిని వ్రాసికొనును. దిద్దినది ఊరి పేరు, చెడినది నంబరు రకము. అందుచేతనే ఈ కీడు జరిగిన నాడు ఎవరికిని తెలియదు. నెలలు గడచి, అవసరము వచ్చిన నాడు బయటపడును.

సెల్లు మార్చుకొనునప్పుడు అంగడివాని చేత పాత నంబరులను సిమ్ కార్డులోనికి ఎక్కించి క్రొత్త సెల్లులోనికి దింపించుకొనువారు మన ఊళ్లలో నేటికిని కలరు. సిమ్‌లో పేరునకును నంబరునకును చోటున్నది గాని రకమునకు ఏర్పాటు లేదు. ఒకే పెదనాయనగారి మూడు నంబరులు ముగ్గురు పెదనాయనలై దిగివచ్చును. ఆ త్రోవను విడుచుట మేలు.

రకము లేకున్ననేమి, నంబరును చూచినచో అది సెల్లో ల్యాండ్ లైనో తెలియదా యని కొందఱు విద్యార్థులు మమ్మడిగిరి. తెలియదు. మన ప్రాంతమే దీనికి మంచి నిదర్శనము. ఆత్మకూరు ఎస్.టి.డి. కోడు 08627, ఉదయగిరిది 08620. మొదటి సున్నను తీసివేయగా మిగిలిన నాలుగంకెలకు ఆరంకెల స్థానిక నంబరు చేర్చినచో పదంకెలగును. నెల్లూరు కోడు 0861 గనుక అక్కడ మూడంకెలకు ఏడంకెలు చేర్పగా మఱల పదియే. సెల్లు నంబరును పదంకెలే. సెల్లు నంబరులు మొదట తొమ్మిదితోనే ఆరంభమయ్యెడివి గాని, పిమ్మట ఎనిమిది, ఏడు, ఆరు అంకెలతో మొదలగునవియు వచ్చినవి. కాబట్టి ఎనిమిదితో మొదలై పదంకెలున్న నంబరు ఆత్మకూరు అంగడిలోని తీగ ఫోను కావచ్చును, ఒకరి జేబులోని సెల్లును కావచ్చును. తీగ ఫోనునకు పంపిన ఎస్.ఎం.ఎస్. చదువువారు లేరు. సెలవు వార్తయో, పరీక్ష వార్తయో, వాన హెచ్చరికయో దానికి పంపి, చేరినదని మనము నిశ్చింతగా నుందుము. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చి సోమశిల నుండి నీరు విడిచిన దినములను మఱవనివారు ఈ మాట విలువను వేఱుగా చెప్పకయే గ్రహింతురు.

ఇక నంబరు వ్రాయు తీరు. ఒకే నంబరును ఒకరు సున్నతో, ఒకరు సున్న లేక, ఒకరు 91 చేర్చి వ్రాసిరేని, సింకు చేయు యంత్రము మూడింటిని వేఱు నంబరులుగా నెంచుట కలదు. దానికి తోడు మూడింటికి మూడు రకములు! ముందు కూడిక గుర్తు, తరువాత దేశపు అంకె 91, ఆ పిమ్మట సున్న లేక పదంకెలు: ఇది ప్రపంచమంతట చెల్లు పద్ధతి. ఈ పద్ధతిలో దేశపు అంకెతో కలిపి పదునైదంకెలకు మించి యుండవు. ఎస్.టి.డి. కోడు ముందటి సున్నను 91 తరువాత మఱల వ్రాయుట పెక్కుమంది చేయు పొరపాటు. 2021 జనవరి 15 నుండి ల్యాండ్ లైను నుండి సెల్లునకు పిలుచువారు ముందు సున్న కొట్టవలెనని నియమము వచ్చినది. అది పిలుచు పద్ధతియే గాని నంబరులో భాగము కాదు. ఆ సున్నను పుస్తకములోనికి ఎక్కింపకూడదు.

రకము వ్రాయు చోట సెల్లు కంపెనీ పేరు వ్రాయువారును కలరు. ‘జియో’ అని యొకటి, ‘ఎయిర్‌టెల్’ అని యొకటి. 2011 జనవరి 20 నుండి నంబరు మార్చకయే కంపెనీ మార్చుకొను వీలు దేశమంతట కలిగినది. నేడు ఒక కంపెనీది, ఎల్లుండి మఱియొక దానిది. అట్టి మాట వ్రాయుటకంటె ఊరకుండుట నయము.

మన కార్యాలయములో ఇప్పుడు అనుసరించుచున్న పద్ధతిని చెప్పుదుము. మొదటిది, రకములను నాలుగింటికి కుదించితిమి: మొబైలు, ఇల్లు, పని చోటు, ఇతరము. ఈ నాలుగింటికి చాలవఱకు ప్రతి పుస్తకములోను గదులున్నవి. వీనిని జాబితాలో నుండి ఎన్నుకొందుమే గాని చేతితో వ్రాయము. జేబులో తిరుగునదైనచో ఎవరిదైనను, ఎక్కడ నున్నను మొబైలు. తీగ ఫోనునకు మాత్రమే ఇల్లు, పని చోటు అను మాటలు. యంత్రమేది యను ప్రశ్నను ముందు తీర్చి, చోటేది యను ప్రశ్నను తరువాత తీర్చుదుము. దీనిచేత ఒకే నంబరును ఇద్దరు రెండు విధములుగా వ్రాయుట తగ్గినది.

రెండవది మఱింత ముఖ్యము. ఎవరిది యను సంగతిని రకములో పెట్టక పేరులో పెట్టితిమి. విద్యార్థి కొక్క కార్డు, అందు కుటుంబమువారి నంబరులన్నియు, అను పాత పద్ధతిని మానితిమి. తల్లికి ఒక కార్డు, తండ్రికి ఒకటి, మేనమామకు ఒకటి. పేరు వ్రాయు చోట విద్యార్థి పేరు, తరగతి, పిమ్మట ‘తల్లి’ అనియో ‘తండ్రి, కువైత్’ అనియో ‘మేనమామ అంగడి’ అనియో వ్రాయుదుము. పేరు సిమ్ కార్డులోనైనను కొంత నిలుచును; ఎంత బీద పుస్తకమైనను పేరును పారవేయదు. పైగా ఒక్కొక్క కార్డులో ఒక సెల్లుకు మించి సాధారణముగా నుండదు గనుక, మొబైలునకు ఒక్కటే గది గల పుస్తకములోను అది యిముడును. కార్డులు మూడింతలైనవని గుమాస్తా పని పెరిగిన మాట నిజము. అయినను వార్డెను రాత్రివేళ వెదకునది ‘తల్లి’ అను మాట. అది ఇప్పుడు మొదటి చూపునకే దొరకును.

మూడవది, పుస్తకములలో ఒకటే పెద్ద. కార్యాలయపు పుస్తకములో దిద్దుదుము. తక్కినవి దాని నుండి తీసికొనునే గాని దానికి తిరిగి వ్రాయవు. ఉపాధ్యాయునికి క్రొత్త నంబరు తెలిసినయెడల చీటి వ్రాసి కార్యాలయమునకు పంపును. ఇది పాతకాలపు పద్ధతివలె తోచవచ్చును. కాని ఇరువైపుల వ్రాయు సింకులో ఎవరి దిద్దుబాటు గెలుచునో చెప్పజాలము. చీటికి ఆ సందేహము లేదు.

క్రొత్త సెల్లునో క్రొత్త ప్రోగ్రామునో జతచేయునప్పుడు ముందుగా పుస్తకము ప్రతి యొకటి తేదీ వేసి విడిగా దాచి, పిమ్మట పరీక్ష కార్డు నొకదానిని పంపుదుము. అందు కల్పితమైన పేరు, రెండు మొబైలు నంబరులు, ఒక ఇల్లు, ఒక పని చోటు, తెలుగులో స్వంతముగా వ్రాసిన రకము గల నంబరొకటి యుండును. అది అవతలి పుస్తకమునకు చేరిన తరువాత అక్కడ దాని చిరునామాలో ఒక యక్షరము దిద్ది, ఇవతలికి రప్పించి, మొదటి ప్రతితో వరుస వరుసగా పోల్చుదుము. దిద్దకుండ పోల్చినచో ఏమియు తెలియదని పైన చెప్పితిమి గదా. ఏ మాట మారినదో, ఏ నంబరు తగ్గినదో పది నిమిషములలో తేలును. పై తరగతుల విద్యార్థులు తమ ఇంటి సెల్లులలో దీనిని చేసి చూడవచ్చును. విజ్ఞానశాస్త్రపు ప్రయోగము వలెనే ఇదియు కంటితో చూచి తెలిసికొనదగినది.

పి.పి. నంబరు పోయినదని తలచితిమి గాని, అది వేఱు వేషమున తిరిగి వచ్చినది. తల్లికి బటన్ సెల్లు మాత్రమే యున్నది. బడి వాట్సప్ సందేశములు పిన్ని కూతురి సెల్లునకు వచ్చుచున్నవి. అట్టి చోట ఆ నంబరును తల్లి కార్డులో రెండవ మొబైలుగా వ్రాయము. పిన్ని కూతురి పేర వేఱు కార్డు వ్రాసి, విశేషములు వ్రాయు చోట ‘సందేశములకు మాత్రము, పిలుపులకు కాదు, సాయంకాలము ఆరు తరువాత’ అని చేర్చుదుము. ఒకప్పుడు రెండక్షరములు చేసిన పనికి ఇప్పుడొక వాక్యము పట్టుచున్నది.

పాఠశాల పుస్తకమును ఉపాధ్యాయులు తమ స్వంత ఖాతాలోని బంధుమిత్రుల పుస్తకముతో కలుపకూడదని గూడ నియమము చేసికొంటిమి. కలిపినయెడల రకములు చెడుట యటుండగా, తలిదండ్రుల నంబరులు వారికి తెలియని చోట్లకు పోవును. 2023లో పార్లమెంటు వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై చట్టము చేసినది. చట్టము లేకున్నను, ఒక తల్లి తన బిడ్డ క్షేమము కొఱకు ఇచ్చిన నంబరును ఆ పని కొఱకే వాడుట ధర్మము.

వచ్చు జూన్ మాసమున ఇంటికి పంపు పత్రములో నంబరులకు మూడు గడులు వేఱువేఱుగా నుండును: నంబరు ఎవరిది, సెల్లా తీగ ఫోనా, ఏ వేళ పిలువవచ్చును. కువైత్‌లో నుండువారి నంబరు వ్రాయునప్పుడు కూడిక గుర్తు పెట్టి, 965 వేసి, తరువాత అక్కడి ఎనిమిదంకెలను వ్రాయవలెను. మొదటి గడిలో ‘గార్డియను’ అని మాత్రము వ్రాసి విడువక, పెదనాయన, చిన్నాయన, మేనమామ, అవ్వ, ఎవరైన వారి వరుసనే వ్రాయించుడి. చదువు రాని పెద్దలకు పిల్లలే ఆ గడులను చదివి వినిపించి, నంబరును ఒకసారి పిలిచి మ్రోగునో లేదో చూచి, పత్రమును మొదటి వారములోనే తరగతి ఉపాధ్యాయునికి అందజేయవలెను.